విలుకాడు హెరాక్లీస్‌ని చూడబోయే ముందు

అమ్మలూ,

పారిస్‌లో శిల్పకళ కోర్సులో సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పగానే నాకు ఫ్రెంచ్ శిల్పి ఆంత్వాన్ బూర్దెల్ 1909లో చేసిన కంచు శిల్పం 'విలుకాడు హెరాక్లీస్' కళ్లముందు మెదిలింది. వెళ్లిన కొత్తలోనే చూసెయ్యి. ఎలా చూస్తే బాగుంటుందో చెబుతాను.

కథ తెలుసుకునే వెళ్లు, కానీ శిల్పంలో కథ వెతక్కు. స్టింఫాలియా సరస్సు దగ్గర జనాన్ని పీడించే పక్షుల్ని గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ బాణాలతో కొట్టాడు, అంతే. శిల్పంలో పక్షులు లేవు, బాణం లేదు, వింటికి నారి కూడా లేదు! అయినా ఆ లాగుడు మన భుజాలకు తెలుస్తుంది. ఎందుకు తెలుస్తోందో కనిపెట్టడమే నీ పని.

ముందు పక్క నుంచి చూడు. బండను తన్నిపట్టిన పాదం దగ్గర మొదలుపెట్టి తొడ, నడుము, వీపు మీదుగా వెనక్కి లాగిన మోచేతి దాకా చూపు పోనివ్వు. తర్వాత ఆ చాచిన కాలికీ వింటికీ మధ్య ఉన్న ఖాళీని చూడు. నా లెక్కలో శిల్పం బలం సగం అక్కడే ఉంది. చాలామంది కండలు చూసి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు ఆ ఖాళీనే పెన్సిల్‌తో గీసుకో.

ఇదే భంగిమ పాలరాతిలో చెక్కితే, గాల్లోకి చాచిన విల్లు విరిగిపోకుండా ఎక్కడో ఆధారం పెట్టాల్సి వచ్చేది. కంచు లాగుడుకు తట్టుకుంటుంది. మన పంచలోహ విగ్రహాల్లో చాలావాటికి లోపలంతా లోహమే. మనిషిని మించిన ఇంత పెద్ద బొమ్మను మాత్రం డొల్లగా, పలచటి గోడతో పోస్తారు.

ముఖం దగ్గర కాస్త ఆగు. పోజు ఇచ్చింది ఒక సైనికాధికారి. తనను ఎవరూ గుర్తుపట్టకూడదన్నాడట. బూర్దెల్ ఆ తలను ప్రాచీన గ్రీకు శిల్పాల తీరులో మలిచాడు. ఆ అధికారి 1916లో, మొదటి ప్రపంచయుద్ధంలో భాగమైన వెర్దాన్ పోరులో చనిపోయాడు. బూర్దెల్ 1893 నుంచి పదిహేనేళ్లు ప్రఖ్యాత శిల్పి రోదాన్ దగ్గర పనిచేసినవాడు. అందుకే రోదాన్ మ్యూజియం కూడా చూసి, రెండుచోట్లా చర్మాన్ని పోల్చు. అక్కడ ఉపరితలమంతా అలలు అలలుగా కదులుతుంది, ఇక్కడ పెద్ద పెద్ద పలకలుగా బిగిసి ఉంటుంది.

ఓర్సే మ్యూజియంలోనూ ఈ శిల్పం ఉంది. అయినా ముందు మోంపార్నాస్ పేటలోని బూర్దెల్ మ్యూజియానికే వెళ్లు. అది ఆయన పనిచేసిన చోటు, ప్లాస్టర్ నమూనాలూ అక్కడే చూడొచ్చు. శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. సోమవారం మూసేస్తారు.

మీ పెదనాన్న