బిడ్డ పెట్టెలో దొరికిన మూడు పుస్తకాలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. ఎరువుల దుకాణం నడుపుతాను. మా పాప హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరాకు ఇంటికొచ్చినప్పుడు ఆమె పెట్టెలో బట్టల కింద మూడు లావుపాటి పుస్తకాలు దొరికాయి. ఒకటి వాన్ గో అనే పెయింటర్ ఉత్తరాలట. ఒకటి రాజా దీన్ దయాళ్ పాత ఫోటోలు. మూడోది సాల్గాడో అనే విదేశీ ఫోటోగ్రాఫర్‌ది. చేతి ఖర్చుకిచ్చిన డబ్బులన్నీ వీటికే పోసింది. బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ)లో ఫోటోగ్రఫీ చదువుతానంటోంది. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. బీటెక్ సీఎస్ఈ ఏఐ మంచిదా, ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు చెబుతున్న బీడిజైన్ మంచిదా? బీడిజైన్ అయితే కాల్వ కింద ఎకరం అమ్మాలి. ఈ పుస్తకాల పిచ్చి మాన్పించేదెట్లా?

జవాబు: అన్నా, కాలేజీల సంగతి తర్వాత మాట్లాడదాం. "ఆడపిల్ల మెడలో కెమెరా వేసుకొని ఊర్లు తిరిగితే ఎట్లా బతుకుతది, ఎవరు చేసుకుంటరు?" అన్న మాట మీ ఉత్తరంలో లేదు. పిల్లల చదువుల సలహా కోసం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నా గదికి వచ్చే తండ్రుల్లో చాలామంది ఆ మాటను చివర్లో, చెప్పులు వేసుకుంటూ అంటారు. మీరు బీరువాకు తాళం వేసింది ఆ భయంతోనే అనుకుంటున్నాను. భయం తప్పు కాదు. తాళం మాత్రం తప్పు.

హాస్టల్ తిండి తింటూ, బయట ఒక పూట బిర్యానీ కూడా మానుకొని పుస్తకం కొన్న పిల్లను మీరు దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆమె దాచింది సిగరెట్లు కాదు, పుస్తకాలు. ఇంట్లో చూపిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టే బట్టల కింద పెట్టింది. ఆ మూడింట్లో ఏముందో ఒక్కసారైనా తిరగేశారా? తిరగేసి ఉంటే నాకు ఈ ప్రశ్న ఇట్లా రాసేవారు కాదు.

దీన్ దయాళ్ ఎవరనుకున్నారు? రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాయింగులు గీసే కొలువు చేసినాయన. ఫోటోల మీద మనసు పడి ఆ కొలువు వదిలాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. ఏ నిజాం పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయిందో ఆయనే. 1892లో దీన్ దయాళ్ హైదరాబాద్‌లో పరదా చాటున ఉండే ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో తెరిచాడు. అక్కడ ఫోటోలు తీసింది ఒక మహిళ. అన్నా, నూట ముప్పై ఏళ్ల కిందటే మన హైదరాబాద్‌లో ఒక ఆడమనిషి కెమెరాతో జీతం తీసుకుంది. ఆ తర్వాత తరంలో హోమై వ్యారావాలా చీరకట్టుతోనే ఢిల్లీ అంతా తిరిగి స్వాతంత్ర్య కాలాన్ని ఫోటోలు తీశారు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు.

మూడోది సాల్గాడో. బ్రెజిల్‌లో పుట్టి ఆర్థికశాస్త్రం చదివాడు, మంచి ఉద్యోగం చేశాడు. భార్య కొన్న కెమెరా చేతికొచ్చాక 1973లో ఉద్యోగం వదిలేశాడు. బంగారు గనిలో మట్టి మూటలు మోస్తూ నిచ్చెనలెక్కే వేలమందిని తీశాడు, ధన్‌బాద్ బొగ్గు గనుల కూలీలనూ తీశాడు. ఊరొదిలి పోయే మనుషుల మీద 2000లో ఒక పెద్ద పుస్తకమే తెచ్చాడు. పాలమూరు కూలి బస్సు ఎక్కడం చూసిన మనకు ఆ ఫోటోలు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. దేవరకొండ పక్కనుంచి బస్తీకి పోయిన పిల్ల ఆ పుస్తకమే ఎందుకు ఎంచుకుందో ఆమెనే అడగండి. ఆ జవాబులో మీ ఊరు వినబడుతుందని నా నమ్మకం.

వాన్ గో పుస్తకం దగ్గర మాత్రం నాకూ కొంచెం జంకు ఉంది. ఆ ఉత్తరాలు చదివిన పిల్లలు కొందరు బాధపడటమే కళ అనుకుంటారు. మీ పాపకు నా మాటగా చెప్పండి: ఆ ఉత్తరాల్లో లెక్కలు చూడమనండి. తమ్ముడు థియోకు రాసినవి ఆరు వందల యాభైకి పైగా మిగిలాయి. వాటిలో రంగులు అయిపోయాయనీ, డబ్బు పంపమనీ ఎన్నిసార్లు ఉంటుందో లెక్కపెట్టమనండి. ఇరవై ఏడో ఏట కళాకారుణ్ణవుతానని నిర్ణయించుకొని ముప్పై ఏడో ఏట చనిపోయాడు. ఆ పదేళ్లలో ఆయిల్ పెయింటింగులే ఎనిమిది వందలకు పైగా వేశాడు. పేదరికం కంటే ఆ చాకిరీని ఆమె చూడాలి. వెనక నెలనెలా డబ్బు పంపిన థియోనూ చూడాలి. ఆ మాట మీకు కూడా, అన్నా.

ఇక బీడిజైన్. నాకున్న అనుమానాలు దాచను. నాలుగైదేళ్లుగా ప్రతి రెండో తల్లిదండ్రుల నోట ఇదే మాట. "బొమ్మలంటే ఇష్టం కదా, డిజైన్‌లో వేస్తే ఇష్టమూ తీరుద్ది, సాఫ్ట్‌వేర్ జీతమూ వస్తది" అని ఏజెంటు చెబుతాడు. మంచి డిజైన్ సంస్థలు దేశంలో ఉన్నాయి, కాదనను. కానీ అద్దాల బిల్డింగు కట్టి, నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్పి, ఎకరం ధర గుంజేవీ ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్లు పిల్ల బయటికొచ్చేలోపు మారిపోతాయి. చూసే కన్ను, గీసే చెయ్యి మారవు. వాటిని నేర్పే ఓపిక ఈ కాలేజీల్లో చాలావాటికి లేదు. ఏజెంటు చూపించే ప్లేస్‌మెంట్ కాగితం పక్కన పెట్టి, మూడేళ్ల కింద బయటపడ్డ ఐదుగురు విద్యార్థుల నంబర్లు అడగండి. తర్వాత లైబ్రరీ చూపించమనండి. మీ బీరువాలో ఉన్నలాంటి పుస్తకాలు అక్కడ లేకపోతే, ఉండీ అట్టలు నలగకుండా మెరుస్తుంటే, తిరిగి బస్సెక్కండి. ఇంకా గట్టిగా చెబుతున్నా, ఏ కోర్సు కోసమూ కాల్వ కింద భూమి అమ్మకండి.

సీఎస్ఈ ఏఐ గురించి రెండు మాటలే. లెక్కల మీద ఇష్టం ఉన్న పిల్లకు అది మంచి కోర్సు. ఇష్టం లేని పిల్లను వేస్తే మూడో ఏడాదికి బ్యాక్‌లాగులతో మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఒకప్పుడు పాలమూరు నుంచి వచ్చిన ఒక తండ్రికి "బొమ్మల పుస్తకాలు అటకెక్కించండి, ఇంజనీరింగ్ అయ్యాక చూద్దాం" అని నేనే చెప్పాను. ఆ అబ్బాయి డిగ్రీ పూర్తి చేయలేదు, మళ్లీ బొమ్మా గీయలేదు. ఆ సలహాకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ బీఎఫ్‌ఏలో ఫోటోగ్రఫీ ఉంది. ప్రవేశ పరీక్ష సంగతి మీ పాపకు ఈపాటికే తెలిసి ఉంటుంది. చదివాక పత్రికలు, పెండ్లిళ్లు, ఆన్‌లైన్ అమ్మకాల సరుకు ఫోటోలు, సినిమా స్టిల్స్, మ్యూజియం పనులు, టీచింగ్ ఇవీ దారులు. మొదటి కొన్నేళ్లు సంపాదన పలచగానే ఉంటుంది, ముందే తెలుసుకొని ఉండండి. తెలంగాణ రాజముద్ర రూపొందించిన ఏలె లక్ష్మణ్ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పల్లె బిడ్డే. తోట వైకుంఠం కరీంనగర్ పల్లె నుంచి వచ్చి, బొమ్మలు వేస్తూనే సినిమా కళాదర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. బతుకుదెరువుకు ఒక పని, మనసుకు ఒక పని, రెండూ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

పుస్తకాలకు డబ్బు పోతోందన్నది నిజమే, అవి ఖరీదే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి చవకగా దొరుకుతాయి. లలిత కళా అకాడమీ మన చిత్రకారుల మీద వేసిన చిన్న పుస్తకాలు వెతకమనండి. తెలుగులో సంజీవదేవ్ కళ మీద రాసిన వ్యాసాలు మీరూ ఆమే కలిసి చదవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. బీరువా తీసి పుస్తకాలు ఇచ్చేయండి. "తప్పైంది బిడ్డా" అనండి, ఆ మాటకు నాయిన చిన్నవాడైపోడు. సెలవుల్లో ఒకరోజు ఆమెను నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోండి. గర్భగుడిలో ఆ స్తంభం నీడ పొద్దుగూకేదాకా కదలదని అందరూ చెప్పుకుంటారు కదా, దాన్ని మీ ఫోనుతోనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీయమనండి. లక్ష రూపాయల కెమెరా ఇప్పుడే వద్దు. మధ్యాహ్నానికి విసుగొచ్చి రీల్స్ చూస్తూ కూర్చుందనుకోండి, అప్పుడు మనం వేరే మాట్లాడుకుందాం. పొద్దు వాలినా ఇంకొక్కటి అంటూ గుడి చుట్టూ తిరుగుతుంటే, ఆమె కళ్లను మీరు చూడండి.

ఎంపీసీ పరీక్షలు మాత్రం ఒప్పందంగా బాగా రాయమనండి, ఆ లెక్కలు ఎక్కడికీ పోవు. తర్వాత ఇద్దరూ కలిసి రండి. ఆ ఫోటోలతోపాటు ఆమె గీసినవి ఏవున్నా, ఫిజిక్స్ నోట్‌బుక్ వెనక పేజీల్లోవైనా సరే, చింపకుండా తీసుకురమ్మనండి.