మూల మీద పెన్సిల్ రాత

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

స్కాట్లండ్‌లోని డండీ నుంచి నువ్వు పంపిన కవరు మంగళవారం అందింది. పాత బ్రిటిష్ కామిక్స్ మీద నువ్వు ఇంట్లోనే తయారుచేసిన, మీరంతా జీన్ అంటున్న ఆ చిట్టి పత్రికని కూర్చున్న చోటు నుంచి లేవకుండా చదివాను. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను: మొదటి 18 పేజీలు తీసెయ్.

కోప్పడకు. వాటిలో తప్పులేం లేవు. 1884 నాటి ఆలీ స్లోపర్ బొమ్మల పత్రిక దగ్గర మొదలుపెట్టి, డాండీ 1937, బీనో 1938, ఈగిల్ 1950 అంటూ పరీక్షకి చదివినట్టు వరసగా పేర్చావు. ఆ పని ఎవరైనా చేస్తారు. డాండీ, బీనో పుట్టింది నువ్వుండే ఊళ్లోనే. డాండీ హీరో డెస్పరేట్ డాన్ కంచు విగ్రహం పక్క నుంచే రోజూ కాలేజీకి నడుస్తావు. దాని గురించి ఒక్క ముక్క లేదు!

19వ పేజీకి వచ్చాక మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. చారిటీ షాపులో నీకు దొరికిన, మిస్టీ అనే ఆడపిల్లల దెయ్యాల కథల వారపత్రిక పాత సంచిక. అట్ట పైమూలన పెన్సిల్‌తో ఎవరిదో ఇంటిపేరు. నువ్వేమో "అట్ట మీద గీతలున్నాయి, కండిషన్ అంతంత మాత్రం" అని రాసి ముందుకెళ్లిపోయావు. అయ్యో పిచ్చిపిల్లా! ఏ కాపీ ఎవరింట్లో వెయ్యాలో గుర్తు కోసం పేపర్ షాపు వాళ్లు రాసుకునేది అది. పొద్దున్నే పేపర్ వేసే కుర్రాడు ఆ పేరు చూసుకుని, తలుపుకున్న ఉత్తరాల సందులోంచి లోపలికి తోసేవాడు. అంటే ఆ ఇంట్లో ఒక పిల్ల దానికోసం వారం వారం కాచుకుని ఉండేదన్నమాట. అలాంటి రాత ఉంటే కలెక్టర్లు ధర తగ్గిస్తారు, వాళ్ల లెక్క వాళ్లది. నీ పత్రిక మొదలు కావలసింది మాత్రం అక్కడే.

ఆ తరవాత లోపలి పేజీలకి వెళ్లు. 1978 ఫిబ్రవరిలో మొదలైన మిస్టీ 101 సంచికలు వచ్చి, 1980 జనవరిలో టామీ అనే ఇంకో ఆడపిల్లల పత్రికలో కలిసిపోయింది. అమ్మకాలు తగ్గిన పత్రికని ఇంకోదాంట్లో కలిపెయ్యడం అప్పట్లో మామూలే. ఈగిల్‌ని 1969లో లయన్ మింగింది, లయన్‌ని 1974లో వాలియంట్, వాలియంట్‌ని 1976లో బ్యాటిల్. చెరువులో చేపల కథే. పత్రిక మూతపడుతోందని చెప్పకుండా, లోపల పాఠకులకి గొప్ప వార్త ఉందని ఊరించేవాళ్లు!

మిస్టీలో కథ ఎవరు రాశారో, బొమ్మలు ఎవరు వేశారో పేర్లు ఉండవు. అప్పటి పత్రికలు చాలావరకు అంతే. బొమ్మలో ఓ మూల సంతకం పెడితే తెల్లరంగు పూసి చెరిపేసిన సందర్భాలున్నాయి. పేర్లు వెయ్యడం "2000 ఏడీ" అనే కామిక్ పత్రిక అలవాటు చేసింది, టామీ 1982లో గానీ ఆ పని చెయ్యలేదు. మిస్టీలో వచ్చిన మూన్‌చైల్డ్ పాట్ మిల్స్ రాశాడని, జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ వేశాడని ఇవాళ అందరికీ తెలుసు. కానీ ఇలాంటి ఎన్నో పేర్లు బయటపడ్డాయంటే, ముక్కులూ వేళ్లూ గౌను మడతలూ పక్కపక్కన పెట్టి పోల్చుకున్న అభిమానుల ఓపికే కారణం. ఆ ఓపిక నీకుంది. 22వ పేజీలో చేతుల గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాలే సాక్ష్యం.

ఒక్క జాగ్రత్త. పోలిక చూసి "ఇది ఫలానావారిదే" అని రాయకు, "వారి చెయ్యిలా అనిపిస్తోంది" అను. నేను 1986లో నీలాగే వేసిన నా సొంత పత్రిక మూడో సంచికలో ఒక కథని ధీమాగా వేరే ఆర్టిస్టుకి అంటగట్టాను. తప్పని ఒక పాఠకుడు రుజువులతో సహా ఉత్తరం రాశాడు. మిగిలిన 60 కాపీలూ డైనింగ్ టేబుల్ మీద పరిచి పెన్నుతో దిద్దుకుంటూ కూర్చున్నాను. రెండు రోజులు మీ పెద్దమ్మ వంటింట్లోనే అన్నం పెట్టింది.

18 పోతే నీకు 10 పేజీలు మిగులుతాయి. ఏ4 కాగితం మడిస్తే నాలుగు పేజీలు కాబట్టి 12 చెయ్యి, మూడు కాగితాలు సరిపోతాయి. అదనంగా వచ్చే రెండు పేజీల్లో డండీ గురించి రాయి. జిరాక్స్ మెషీన్ కాగితం అంచు దాకా ప్రింట్ చెయ్యదు, నీ పేజీ నంబర్లు సగం తెగింది అందుకే. నువ్వు చెప్పేదానికి అవసరమైన బొమ్మలు ఒకటి రెండు చాలు, కథ మొత్తం వెయ్యొద్దు. మిస్టీ హక్కులు ఇప్పుడు రెబెలియన్ కంపెనీవి.

ఎన్ని కాపీలు వెయ్యాలని అడిగావు. విజ్ అనే పెద్దల హాస్య కామిక్ 1979లో న్యూకాజిల్‌లో ఒక పడగ్గదిలో తయారై, 150 కాపీలతో మొదలైంది. తరవాత మిలియన్ దాటింది గానీ అది చూసి టెన్షన్ పడకు. నువ్వు 50 వెయ్యి. అందులో ఒకటి నెల తిరక్కుండా బ్రిటిష్ లైబ్రరీకి పంపాలి, ఇక్కడి చట్టం అది. ఇంట్లో కుట్టిన పత్రికకీ మినహాయింపు లేదు.

క్రిస్మస్ సెలవులకి బర్మింగ్‌హామ్ వస్తావుగా, నా పొడుగు స్టేప్లర్ పట్టుకెళ్లు. పిన్నులు మాత్రం నువ్వే కొనుక్కోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న