బావగారి అబ్బాయి చదివే చోటా, మావాడికి నచ్చిన చోటా?

ప్రశ్న: మేము బెంగళూరు రామమూర్తినగర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మావారికి 51 ఏళ్లు. ప్రైవేటు కంపెనీలో లెక్కల విభాగం చూస్తారు, 58కి రిటైర్ అవుతారు. చేతికి నెలకు 92,000 వస్తుంది, అందులో 28,000 దాకా మిగులుతుంది. 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఆయన పీఎఫ్, నా 200 గ్రాముల బంగారం ఉన్నాయి. అబ్బాయి రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) పూర్తిచేశాడు. ఇంజినీరింగ్ వద్దని, అర్థశాస్త్రం, గణితం, స్టాటిస్టిక్స్ కలిసిన డిగ్రీ చదువుతానంటున్నాడు. నగరానికి అవతలి అంచున ఉన్న పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. నాలుగేళ్ల కోర్సు, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 5 లక్షలు. ఎం.జి. రోడ్డు దగ్గర ఒక చిన్న కాలేజీలోనూ వచ్చింది. అక్కడ మూడేళ్లు, తరగతికి 40 మంది, అన్నీ కలిపి ఏడాదికి 1.20 లక్షలు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు స్టాటిస్టిక్స్ మేడమ్ వీడికి సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు ఎంతసేపటికి వస్తుందో ఎలా లెక్కకట్టాలో బోర్డు మీద చూపించారట. ఆ రాత్రి అన్నం తింటూనే పాల బిల్లు వెనకాల అదే లెక్క వేస్తూ కూర్చున్నాడు. మా బావగారి అబ్బాయి మాత్రం ఆ పెద్ద విశ్వవిద్యాలయంలోనే చదువుతున్నాడు. ‘అప్పు చేసైనా అక్కడే చేర్చండి, ఆ చిన్న కాలేజీ పేరు నలుగురిలో ఏమని చెప్పుకుంటాం’ అంటున్నారు బావగారు. 15 లక్షలు విద్యారుణం తీసుకుని, 5 లక్షలు డిపాజిట్ నుంచి తీద్దామనుకుంటున్నాం. కావాలంటే బంగారం పెడతాను. అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతిలో చేరింది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది పాల బిల్లు సంగతి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు అప్పు సంగతి చూద్దాం.

15 లక్షలను నాలుగు భాగాలుగా, ఏటా 3.75 లక్షల చొప్పున బ్యాంకు ఇస్తుందనుకోండి. వడ్డీ 10 శాతం వేసుకుందాం. కోర్సు నడిచినంత కాలం, ఆ తరువాత ఇంకో ఏడాది వాయిదా కట్టనక్కర్లేదంటారు. అది నిజమే, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఐదేళ్లలో ఆ వడ్డీ 5.25 లక్షలు. అంటే కట్టడం మొదలయ్యే నాటికి అప్పు 20.25 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 26,760. మీ ఇంట్లో ఇప్పుడు మిగిలేది 28,000. అప్పటికి మీవారికి 56. జీతం వచ్చేది ఇంకో రెండేళ్లే, వాయిదాలు మాత్రం 66 వరకు.

అబ్బాయి కడతాడు కదా అంటారు. కట్టవచ్చు. కానీ అప్పు పత్రం మీద సహ రుణగ్రహీతగా సంతకం పెట్టేది మీవారు. పైగా అంత వాయిదా నెత్తిన ఉన్న కుర్రవాడు పీజీకి వెళ్లడు, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోతాడు. ఈ సబ్జెక్టుల్లో అసలు విలువ పీజీతోనే వస్తుంది కనుక, 20 లక్షలు పోసి వాడి దారిని మధ్యలో మనమే మూసినట్టవుతుంది. ఇంకొకటి, అన్న నాలుగో ఏడాది ముగించే వేసవికే చెల్లెలి రెండో పీయూసీ కూడా పూర్తవుతుంది. ఆ అమ్మాయి ఫీజుకు ఏం మిగులుతుంది? మీ ఉత్తరంలో ఆమెకు ఒక్క వాక్యమే దక్కింది.

రాయితీల మీద ఆశ పెట్టుకోకండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఆ విశ్వవిద్యాలయం జాబితాలో ఉంటే, తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. 3 శాతం వడ్డీ రాయితీ మాత్రం ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకే. మీది దాటిపోయింది. విద్యారుణ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది, అదీ ఎనిమిదేళ్లే. బంగారం మాట ఎత్తకండి. నాలుగేళ్ల చదువుకు బంగారం అప్పు నప్పదు, ఏడాదికోసారి తిరగరాయించుకుంటూ తిరగాలి.

ఇక పేరు. పేరుకు విలువ లేదని నేను అనను. కొన్ని కంపెనీలు కొన్ని ప్రాంగణాలకే వస్తాయి, పూర్వ విద్యార్థుల పరిచయాలు పనికొస్తాయి. కానీ పేరు విశ్వవిద్యాలయానికి ఉంటుంది, మీవాడు చేరేది ఒక శాఖలో. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలకు ఇచ్చే మార్కుల్లో 30 శాతం పరిశోధనకే. మొదటి ఏడాది డిగ్రీ కుర్రవాడికి ఆ పరిశోధన నుంచి దక్కేది తక్కువ. అందుకని అక్కడ అత్యధిక ప్యాకేజీ ఎంత అని అడగకండి, అది బహుశా కంప్యూటర్ సైన్స్ శాఖదై ఉంటుంది. ఈ కోర్సు ముగించిన బ్యాచ్‌లో ఎంతమంది ఉద్యోగాలకు పేరిచ్చారు, ఎంతమందికి వచ్చాయి, వరుసలో సరిగ్గా మధ్యనున్నవారి జీతం ఎంత అని అడగండి. బావగారి అబ్బాయిని అడిగినా చెప్తాడు, ఇంట్లో పెద్దలు లేనప్పుడు అడగండి.

చిన్న కాలేజీనీ ఇంతే గట్టిగా పరీక్షించాలి. చిన్నది కాబట్టి మంచిదని కాదు. ఒక మేడమ్ బాగా చెప్పినంత మాత్రాన మూడేళ్లు ఆమే చెప్పరు. ఆ శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, అతిథి అధ్యాపకులు ఎందరు అన్నది ముఖ్యం. ఏడాది మధ్యలో పాఠం చెప్పేవారు మారిపోతే ఆ 40 మందికీ దిక్కుండదు. నేను చదివిన కాలేజీ కూడా చిన్నదే. అక్కడ స్టాటిస్టిక్స్ రెండో పేపరు ఒక్క టెర్ములో ముగ్గురు మాస్టార్లు చెప్పారు, ముగ్గురూ మొదటి అధ్యాయం దగ్గరే మొదలుపెట్టారు. కనుక ఒక మధ్యాహ్నం వాడినే క్యాంటీన్‌కు పంపండి. మూడో ఏడాది పిల్లలతో టీ తాగితే అన్నీ తెలుస్తాయి. నిరుడు చదువు ముగించినవారు ఎక్కడికి వెళ్లారో కూడా అడగమనండి.

మూడేళ్లా నాలుగేళ్లా అన్నది కూడా చూడాలి. కర్ణాటక ప్రభుత్వం 2024లో నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతిని మాని మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది. దేశంలో పీజీకి దీనితో ఇబ్బంది లేదు. అమెరికాలో మాత్రం కొన్ని విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. వాడి మనసులో ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే బయటపెట్టమనండి. లేకపోతే, ఎమ్మెస్సీ ప్రవేశాలకు ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్షలో మ్యాథమేటికల్ స్టాటిస్టిక్స్ ఉంది, 2021 నుంచి అర్థశాస్త్రమూ ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రవేశ పరీక్ష ఉంది. ఆ పరీక్షల్లో మార్కులు వేసేవారికి ఏ కాలేజీ నుంచి వచ్చాడన్నది కనిపించదు. పాల బిల్లు వెనకాల లెక్క వేసే అలవాటు మాత్రం అక్కడ అక్కరకొస్తుంది.

నా సలహా చిన్న కాలేజీయే, పైన చెప్పిన విచారణలో అధ్యాపకుల సంగతి సరిగా ఉంటే. ఖర్చు మూడేళ్లకు 3.60 లక్షలు, నెలకు 10,000 చొప్పున జీతంలోంచే వెళ్తుంది. డిపాజిట్ ముట్టుకోకండి. నెలనెలా ఇంకో 15,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, 6.5 శాతం వడ్డీకి మూడేళ్లలో సుమారు 5.97 లక్షలు అవుతుంది. డిపాజిట్‌తో కలిపితే అబ్బాయి పీజీకి, అమ్మాయి మొదటి ఫీజుకు ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కితే ఎం.జి. రోడ్డుకు నేరుగా పర్పుల్ లైనే, కనుక హాస్టల్ బెడదా లేదు. అధ్యాపకుల సంగతి తేడాగా కనిపిస్తే మాత్రం ఈ రెండింటి మధ్య పడకండి, నగరంలో ఇదే కోర్సు చెప్పే పాత కాలేజీలు ఇంకా ఉన్నాయి.

బావగారితో వాదన వద్దు. పెళ్లిలో ‘అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు’ అన్న మాటకు జవాబు రెండు క్షణాల్లో అయిపోతుంది, వాయిదా పదేళ్లు ఉంటుంది. ఆ 26,760 లెక్క కాగితం మీద వేసి మీవారి చేత చూపించండి. అంకెలు ఆయన నోట వస్తే అన్నగారు వింటారు.

విశ్వవిద్యాలయంలో ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, సీటు వదులుకుంటున్నట్టు ఈమెయిల్‌లో రాసి పంపండి, ఫోనులో చెప్పి ఊరుకోకండి. ప్రవేశం రద్దు చేసుకున్నవారికి ఫీజు వాపసు ఇవ్వాల్సిన గడువులను యూజీసీ ప్రకటిస్తుంది, ఈ ఏటి తేదీలు చూసుకోండి. అసలు మార్కుల జాబితాలు అక్కడ ఇచ్చి ఉంటే ముందు అవి చేతికి తీసుకోండి.