బయటి తిండి లెక్క చూపిస్తే మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. నాకు 36 ఏళ్లు. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాను. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు దాకా, మరో వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. నా భార్య ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో చేస్తుంది. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరుతుంది. ఏడేళ్ల పాప. ఇంటి లోను నడుస్తోంది. పోయిన నెల బయటి తిండికి 11,400 రూపాయలు అయింది. ఫోన్లో ఉన్న బిల్లులన్నీ తీసి తేదీల వారీగా కాగితం మీద రాశాను. మొత్తం 26 పూటలు. అవే పూటలు ఇంట్లో వండుకుంటే బియ్యం, కూరగాయలు, నూనె, గ్యాసు అన్నీ వేసినా 4,500 దాటదు. నెలకి 6,900 మిగులుతుందని చూపిస్తే, ‘అయితే ఆ డబ్బుతో వంటమనిషిని పెట్టండి’ అని విసురుగా అంది. కావలి దగ్గర ఊళ్లో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ‘మేం పొలం పోయొచ్చి కూడా పదిమందికి వండాం’ అంది అమ్మ. ఆ రోజు నుంచి నా భార్య నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. నా లెక్కలో తప్పేముంది? పక్కన షిఫ్టులు కూడా రాసిన ఆ కాగితం ఫోటో పంపుతున్నాను.

జవాబు: మీ కూడికల్లో తప్పేమీ లేదు. బియ్యానికీ నూనెకీ గ్యాసుకీ మీరు వేసుకున్న ధరలు కూడా సరిగ్గానే ఉన్నాయి. లోను కట్టుకుంటూ పాపని చదివించుకునే ఇంట్లో నెలకి పదకొండు వేలు హోటళ్లకి పోతోందంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ భయం న్యాయమైనదే. దాన్ని చెప్పిన తీరు దగ్గరా, లెక్కలో రాయని ఒక్క ఖర్చు దగ్గరా వచ్చింది చిక్కు.

ఆ ఖర్చు ఏమిటో చెబుతాను. కాగితం మీద బియ్యం ఉంది, గ్యాసు ఉంది, వండే మనిషి లేదు. ఒక రాత్రి భోజనమంటే కూరగాయలు తరగడం, పప్పు కడగడం, చింతపండు నానేయడం, పొయ్యి దగ్గర నిలబడటం, వడ్డించడం, తర్వాత గట్టు తుడిచి గిన్నెలు తోమడం. తక్కువ వేసినా రెండు గంటల పని. 26 పూటలకి 52 గంటలు. మీరు మిగులుతాయన్న 6,900ని 52తో భాగిస్తే గంటకి 130 రూపాయల చిల్లర వస్తుంది. అంటే మీ లెక్క ప్రకారం ఆ 52 గంటలు ఆమె ఊరికే చేస్తే మీకు 6,900 మిగులుతుంది. మీ మనసులో ఆ ఉద్దేశం లేకపోవచ్చు. ల్యాబులో పొద్దంతా నిలబడి వచ్చిన మనిషికి మాత్రం ఆ కాగితం అలాగే కనిపించింది. వంటమనిషి మాట ఆమె నోట అందుకే వచ్చింది.

ఇది మీ ఇంటి గొడవ మాత్రమే కాదు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతా తిరిగి ఎవరి రోజు ఎలా గడుస్తోందో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. అంటే ఆమెవి ఐదు గంటలు, ఆయనవి గంటన్నర. ఉద్యోగం చేసే ఆడవాళ్ల ఇళ్లల్లో ఈ తేడా చివరికి రాత్రి భోజనం దగ్గరికి వచ్చి తగులుతుంది. పొద్దున టిఫినూ క్యారియరూ ఎలాగో అయిపోతాయి. రాత్రికి ఒంట్లో ఓపిక ఉండదు.

ఇప్పుడు మీరు పంపిన కాగితం సంగతి. దాన్ని నేను తీరిగ్గా చదివాను. డబ్బు వరుసకన్నా మీరు పక్కన రాసిన షిఫ్టులు ఎక్కువ విషయం చెబుతున్నాయి. ఆ 26 పూటల్లో 12 మీరు మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లిన రాత్రులు. 4 ఆదివారం మధ్యాహ్నాలు. మిగిలిన 10 మీరు పొద్దున షిఫ్టు చేసిన రోజుల రాత్రులు.

ఆ పది రాత్రుల గురించి కాస్త ఆలోచించండి. రెండింటికి డ్యూటీ దిగి, కంపెనీ బస్సెక్కి మూడున్నర, నాలుగుకల్లా మీరు ఇంట్లో ఉంటారు. పాపా ఇంటికి వచ్చేస్తుంది. ఆమె వచ్చేది ఆరున్నరకి. అంటే ఆ రోజుల్లో ఇంట్లో రెండున్నర గంటల ముందు నుంచీ ఉన్నది మీరు. ఆమె వచ్చి చెప్పులు విప్పేసరికి పొయ్యి మీద ఏమీ లేదు. ఇప్పుడేం వండుతానులే అని ఆమె ఫోన్ తీసింది. ఆ ఆర్డరు ఆమె బద్ధకం ఖాతాలో రాయడం ధర్మం కాదు. నాలుగింటి నుంచి వండకుండా ఉన్నది ఇద్దరిలో ఎవరో మీకే తెలుసు.

మిమ్మల్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. పొద్దున నాలుగున్నరకి లేచి షిఫ్టుకి పోయి వచ్చినవాళ్లకి ఒక కునుకు కావాలి, తీయండి. ఐదున్నరకి లేచినా చాలు. మీకు విందు భోజనం వండటం రానక్కర్లేదు. అన్నం, టమాటా పప్పు, చారు, కోడిగుడ్డు పులుసు. ఈ నాలుగూ వచ్చిన మగవాడి ఇంట్లో రాత్రి పూట ఆకలి సమస్య ఉండదు. పప్పు కుక్కర్లో వేసి మూడు విజిల్స్ వచ్చేలోపు చారుకి చింతపండు పిసుక్కోవచ్చు. పాప చేత వెల్లుల్లి రెబ్బలు ఒలిపించండి, ఆ వయసు పిల్లలకి అది ఆటే. ఆ పది రాత్రులు మీరు వండితే మీ లెక్క ప్రకారమే నెలకి సుమారు 2,650 మిగులుతుంది. ఆ మేరకు మీ చేతిలో ఉన్న పనే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక ఆ పన్నెండు రాత్రులు. మీరు పదింటికి డ్యూటీ దిగి పదకొండున్నరకి ఇల్లు చేరే వారాలు. ఆరున్నర నుంచి పాప హోంవర్కు, స్నానం, మర్నాటి బడి బట్టలు, నిద్రపుచ్చడం అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటుంది. ఆ రాత్రుల్లో కూర బయటి నుంచి తెచ్చుకోవడం తప్పు అని నేను అనను. ఆ డబ్బుకి తగిన విశ్రాంతి ఆమెకి దొరుకుతోంది. కాకపోతే తెచ్చుకునే పద్ధతి మార్చుకోవచ్చు.

ఫోన్లో ఆర్డరు పెడితే మనం ఒక్క కూరకి డబ్బు కట్టం. హోటలు అద్దె, మనుషుల జీతాలు ధరలో ఉంటాయి. దాని మీద 5 శాతం జీఎస్టీ. డబ్బాకి ఒక ఛార్జీ, తెచ్చిచ్చినందుకు ఒక ఛార్జీ. పైగా చాలా హోటళ్లు అదే వంటకానికి యాప్‌లో కౌంటరు దగ్గరకన్నా ఎక్కువ రేటు పెడతాయి, యాప్‌కి కమీషన్ కట్టాలి గనక. మీ బిల్లుల్లో నాన్, పనీర్ కూర, ఫ్రైడ్ రైస్ ఎక్కువగా ఉన్నాయి. ముగ్గురికీ కలిపి పూటకి 440 దాకా పడింది అందుకే. అదే ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టుకుని, ఆమె వచ్చే దారిలో కర్రీ పాయింట్ దగ్గర ఒక కూరా ఒక సాంబారు ప్యాకెట్టూ తీసుకుంటే ఆ ఖర్చు సగానికి పైగా పడిపోతుంది. నెల్లూరులో కర్రీ పాయింట్ లేని వీధి వెతకాలి. అన్నం ఇంట్లోది, కూర బయటిది అనే ఈ పద్ధతి మన ఊళ్లల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లని ఎంతగా ఆదుకుందో నేను రోజూ చూస్తున్నాను. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. ప్లాస్టిక్ కవర్లో పొగలు కక్కే సాంబారు పోయించుకోకండి. బ్యాగులో రెండు స్టీలు డబ్బాలు పెట్టుకుని వెళితే వాళ్లే అందులో పోసిస్తారు. రెండోది, బయట కొనేటప్పుడు వేపుళ్లకన్నా ఇగురో పులుసో తీసుకోండి. వాడిన నూనె ఎంతవరకు చెడితే పారబోయాలో ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. అందులో పోలార్ పదార్థాలు, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినప్పుడు పెరిగేవి, 25 శాతం దాటకూడదు. మూకుడులో నూనె ఏ స్థితిలో ఉందో మనం నిలబడి చూస్తే తెలిసేది కాదు. దొండకాయ వేపుడు ఇంట్లో చేసుకోవచ్చు. ఉప్పు సంగతి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే చాలంటోంది, అంటే ఒక చిన్న చెంచాడు. పిల్లలకి ఇంకా తక్కువ. నెలకి 26 పూటలు బయటి రుచి అలవాటైన పాపకి ఇంటి పప్పు చప్పగా అనిపించడం మొదలవుతుంది. డబ్బుకన్నా నాకు ఈ విషయమే ఎక్కువ బెంగ. మీ భార్యకి కూడా ఈ బెంగ ఉండే ఉంటుంది, అడిగి చూడండి. ఇక్కడ మీరిద్దరూ ఒకే మాట మీద ఉంటారని నా నమ్మకం.

ఆదివారాల్ని మాత్రం పూర్తిగా తీసేయకండి. నెలకి ఒకటో రెండో ఉంచుకోండి. కానీ పార్సిల్ తెప్పించుకుని టీవీ ముందు తినే ఆదివారం వేరు, ముగ్గురూ తయారై వెళ్లి కూర్చుని తినే ఆదివారం వేరు. వేడి పెనం మీంచి దిగిన కారం దోసె ఇంటికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. అక్కడే తినాలి. ముగ్గురికి బిర్యానీ ఇంట్లో వండాలంటే ఒక పూటంతా పోతుంది, సరుకులకే చాలా అవుతుంది. అలాంటివి బయట తింటేనే లాభం. చేపల పులుసు మాత్రం ఇంట్లోదే. ఆదివారం పొద్దున్నే మార్కెట్‌కి మీరు వెళ్లండి, ముక్కలు అక్కడే కొట్టించి శుభ్రం చేయించుకుని రండి. మామిడికాయ దొరికే రోజుల్లో పులుసులో రెండు ముక్కలు వేయండి. సాయంత్రానికి పులుసు ముక్కకి పడుతుంది, సోమవారం రాత్రికి ఇంకా బాగుంటుంది. సోమవారం ఎవరి షిఫ్టు ఏదైనా అన్నం ఒక్కటి పెట్టుకుంటే చాలు.

అసలు గాయం ఎక్కడ తగిలిందో ఇప్పుడు చెప్పాలి. కాగితం చూపించినప్పుడు ఆమెకి కోపం వచ్చింది. స్పీకర్ పెట్టినప్పుడు ఆమెకి అవమానం జరిగింది. మొగుడూ పెళ్లాల మధ్య ఉన్న మాటని మీరు పంచాయితీకి తీసుకెళ్లారు, అదీ తన తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేని పంచాయితీకి. అత్తగారి మాటకి ఆమె ఏం జవాబు చెప్పగలదు? చెబితే ఎదురు చెప్పినట్టు, చెప్పకపోతే ఒప్పుకున్నట్టు. అందుకని నోరు కట్టుకుని కూర్చుంది, మీతో కూడా.

మీ అమ్మగారు అబద్ధం చెప్పలేదు. పొలం నుంచి వచ్చి పదిమందికి వండిన మనిషే ఆవిడ. కానీ ఆ పదిమందిలో ఒక అత్తగారు, ఒక తోడికోడలు, పెళ్లికాని ఆడబిడ్డ కూడా ఉండి ఉంటారు. ఒకరు రుబ్బితే ఒకరు పొయ్యి రాజేశారు. పిల్లల్ని ఎవరో ఒకరు ఎత్తుకున్నారు. అయినా ఆవిడ ఎంత అలిసిపోయి ఉంటారో ఎవరూ అడిగి ఉండరు. ఈసారి ఊరెళ్లినప్పుడు మీరు అడగండి. ఆవిడ ఏం చెబుతారో విన్నాక, ‘అమ్మా, ఆ రోజు నేను ఫోన్ చేయకుండా ఉండాల్సింది’ అని మీరే అనండి. కోడలి మీద ఆవిడ మనసులో ఏదైనా పడి ఉంటే దాన్ని తీసే బాధ్యత కూడా మీదే, ఎందుకంటే వేసింది మీరు. తీర్పు కాకుండా సాయం అడగండి ఆవిడని. ఒక సీసాడు కందిపొడి, గోంగూర పచ్చడి, కాస్త వడియాలు. అవి ఇంట్లో ఉంటే ఎంత అలిసిన రాత్రైనా అన్నం, నెయ్యి, అప్పడంతో భోజనం అయిపోతుంది.

భార్యతో మాట ఎలా మొదలుపెట్టాలని మీరు అడగలేదు గానీ, అదే ముందు కావాలి. కాగితం మళ్లీ తీయకండి. పొద్దున షిఫ్టు వారం మొదటి రోజు, ఆమె వచ్చేసరికి అన్నం, పప్పు సిద్ధంగా ఉంచండి. వండానని ఎత్తి చూపకండి, ఆమె మెచ్చుకోవాలని చూడకండి. తిన్నాక గిన్నెలు కూడా మీరే తోమండి. పాప పడుకున్నాక, ‘అమ్మని స్పీకర్లో పెట్టడం నాది తప్పు. లోను గురించి భయమేసి అలా మాట్లాడాను’ అని చెప్పండి. ఈ రెండు వాక్యాలకి మించి ఆ రాత్రి వివరణలు వద్దు. వెంటనే కరిగిపోతుందని అనుకోకండి. నాలుగైదు రోజులు చూస్తుంది, మీరు మళ్లీ వండుతారో లేదోనని.

ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక, ‘వంటమనిషి’ అన్నది కోపంలో అన్న మాటేనని కొట్టిపారేయకుండా నిజంగా విచారించండి. మీ వీధిలో సాయంత్రం ఒక్క పూట వచ్చి వండిపెట్టేవాళ్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కోండి. మీరు మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లే వారాల వరకు మాత్రమే వచ్చేవాళ్లు దొరికితే ఆ జీతమూ సరుకుల ఖర్చూ కలిపి, ఇప్పుడు ఆ పన్నెండు రాత్రులకి యాప్‌లో కడుతున్న ఐదు వేల చిల్లరతో పోల్చి చూడండి. ఈసారి ఆ లెక్క ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని వేయండి, పెన్ను ఆమె చేతిలో పెట్టి.