ఇన్‌హేలర్‌కు ఒళ్లు అలవాటు పడుతుందా?

ప్రశ్న: మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. ఉబ్బసం ఉంది. డాక్టరు రెండు ఇన్‌హేలర్లు రాశారు. నీలిరంగుది పీల్చగానే ఆయాసం తగ్గుతుందని అదొక్కటే వాడుతున్నారు. రెండోది పీల్చినా తేడా తెలియడం లేదని మానేశారు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు సరిపోయేది. ఇప్పుడు రోజుకు ఐదారుసార్లు కావాలి. ఒళ్లు మందుకు అలవాటు పడిందని, అది కూడా మానేయమని ఇరుగుపొరుగు అంటున్నారు. నిజమేనా? మందులు కణాల మీద ఎలా పనిచేస్తాయనేదే మీ పరిశోధన అని చదివాను.
– ఒక డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఆ నీలిరంగు ఇన్‌హేలర్‌ను ఆపించవద్దు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఊపిరి ఆడేలా చేసేది అదే. అయితే రోజుకు ఐదారుసార్లు కావలసి వస్తోందంటే ఉబ్బసం అదుపు తప్పిందని అర్థం. ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మా పెద్దమ్మ రాత్రిళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ పిల్లికూతలు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నీలిరంగు ఇన్‌హేలర్లలో సాధారణంగా ఉండేది సాల్బుటమాల్. అది పని చేయడానికి కణం లోపలికి పోనక్కరలేదు. ఊపిరిగొట్టాల చుట్టూ ఉండే కండర కణాల పొరలో బీటా-2 అనే గ్రాహకం, అంటే మందును పట్టుకుని ఆ కబురు లోపలికి చేరవేసేది, ఉంటుంది. పొరను ఏడుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు దూరిన ప్రొటీన్ అది. మందు దాన్ని బయటి వైపు నుంచి పట్టుకోగానే దాని ఆకారం మారుతుంది. లోపలి వైపు ఆ కబురు అందుకునే జి-ప్రొటీన్ మేలుకుంటుంది, సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులు పుట్టుకొస్తాయి, బిగుసుకున్న కండరం సడలుతుంది. సాగర్ ఎడమ కాలువ మీకు తెలిసిందే. లష్కరు పొలంలో అడుగు పెట్టడు. గట్టు మీద నిలబడి తూము తిప్పుతాడు, నీళ్లు పిల్లకాలువల వెంట చివరి మడి దాకా పారతాయి. ఈ మందూ అంతే. సైక్లిక్ ఏఎంపీని గుర్తించినందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. అది తయారయ్యేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ మాట మా విద్యార్థులకు చెప్పకుండా నేను ఏ పాఠమూ ముగించను.

ఇక అలవాటు సంగతి. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ అనే హృద్రోగ వైద్యుడు గ్రాహకాల పని మొదలుపెట్టిన రోజుల్లో, అసలు అవి నిజంగా ఉన్నాయా అనే సందేహం చాలామందికి ఉండేది. ఆయన రేడియోధార్మిక అణువులను ఆనవాలుగా పెట్టి వాటిని వెతికి పట్టుకున్నారు. 1986లో ఆయన బృందం బీటా-2 జన్యువును చదివితే, కంటిలో వెలుతురును పట్టే రోడాప్సిన్‌తో దానికి పోలిక కనిపించింది. అంటే రెండూ ఒకే కుటుంబం. మనిషిలో ఆ కుటుంబపు గ్రాహకాలు సుమారు 800. ఈ కృషికి 2012లో ఆయనకూ, ఆయన దగ్గర పనిచేసిన బ్రయన్ కోబిల్కాకూ కలిపి నోబెల్ ఇచ్చారు.

మందు ఎడతెగకుండా తగులుతుంటే కణం ఏం చేస్తుందో తేల్చింది కూడా లెఫ్కోవిట్జ్ బృందమే. గ్రాహకం తోకకు ఫాస్ఫేట్లు అనే చిన్న రసాయన ముక్కలు తగులుతాయి, ఆపైన అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుని జి-ప్రొటీన్‌కు అడ్డుపడుతుంది. మా ప్రయోగశాలలో అరెస్టిన్‌కు ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ను జోడించి చూస్తాం. మొదట ఆ పచ్చదనం కణమంతా పలచని పొగలా పరచుకుని ఉంటుంది. ఒక చుక్క మందు వేస్తాను. కొద్ది నిమిషాల్లో ఆ పొగ విరిగి, అంచు వెంట సన్నని చుక్కలై నిలుస్తుంది. తర్వాత గ్రాహకాలు ఒక్కొక్కటే లోపలికి జారిపోతాయి. కొన్ని తిరిగి పైకి వస్తాయి. మందు రోజుల తరబడి తగులుతూనే ఉంటే కొన్ని లోపలే కరిగిపోతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

కాబట్టి మీ ఇరుగుపొరుగు మాటలో కొంత నిజం ఉంది. కానీ మీ నాన్నగారి విషయంలో నా అనుమానమంతా ఊపిరిగొట్టాల లోపలి వాపు మీదే. నీలిరంగు మందు కండరాన్ని సడలిస్తుందే తప్ప వాపును తీయదు. వాపు తీసేది బహుశా ఆయన మానేసిన ఆ రెండోదే. అందులో సాధారణంగా ఉండేది స్టెరాయిడ్. దాని గ్రాహకం పొరలో ఉండదు, కణం లోపల ఉంటుంది. మందు పొర దాటి వెళ్లి దాన్ని పట్టుకుంటుంది, రెండూ కలిసి కేంద్రకంలోకి చేరి ఏ జన్యువు పలకాలో, ఏది ఊరుకోవాలో మారుస్తాయి. కొత్త ప్రొటీన్లు తయారవడానికి గంటలు, వాపు తగ్గడానికి రోజులు, వారాలు పడతాయి. పీల్చగానే తేడా తెలియకపోవడం అందుకే. అలా కొత్తగా తయారయ్యేవాటిలో బీటా-2 గ్రాహకాలు కూడా ఉన్నాయి! పనిచేయడం లేదని ఆయన పక్కన పెట్టింది, నీలిరంగు మందుకు మళ్లీ చోటు కల్పించేదాన్నే.

డాక్టరు దగ్గరకు రెండు ఇన్‌హేలర్లూ పట్టుకెళ్లండి. ఎలా పీలుస్తున్నారో ఆయన ఎదుటే చూపించమనండి. మందు నాలుక మీదే పడిపోతుండవచ్చు. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. మిల్లులో ఊక, తవుడు దుమ్ము ఎగిరే చోట కాకుండా వేరే పని ఇప్పించేలా ఒక చీటీ రాసివ్వమని కూడా డాక్టరును అడగండి.