చేతిపంపు నీళ్లలో ఆర్సెనిక్ 120 వచ్చింది. తుప్పు మేకులతో తీసేయొచ్చా?

ప్రశ్న: పశ్చిమ బెంగాల్ నదియా జిల్లాలో అద్దెకుంటున్నాం. ఇంటి చేతిపంపు నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 120 మైక్రోగ్రాములని ల్యాబ్ రిపోర్టు. ఒకరు మునగ గింజలంటారు, ఒకరు బొగ్గంటారు, ఇంకొకరు ఇనుప మేకులంటారు. ఏది నమ్మాలి?

జవాబు: మేకుల్ని. కాకపోతే 120 దగ్గర అవి ఒక్కటే సరిపోకపోవచ్చు, ఆ లెక్క కింద చెప్తాను.

మునగ గింజల పొడి, బత్తాయి తొక్క, వరి ఊక వగైరా సీసం, కాడ్మియం, రాగి మీద పనిచేస్తాయి. ఆ లోహాలు నీళ్లలో ధనావేశంతో ఉంటాయి, తొక్కలోని ఆమ్ల గుంపులు రుణావేశంతో పట్టేసుకుంటాయి. ఆర్సెనిక్ సంగతి వేరు. అది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఆర్సెనేట్‌గా ఉంటే దానిదీ రుణావేశమే. గాలి తగలని లోతు నీళ్లలో ఎక్కువగా ఉండే ఆర్సెనైట్ అనే రెండో రూపానికైతే మామూలుగా ఏ ఆవేశమూ ఉండదు. అందుకే తొక్కలకి ఇవి చిక్కవు. పటిక కూడా ఆర్సెనైట్‌ని దాదాపు వదిలేస్తుంది. బొగ్గు వాసన తీస్తుంది, అంతే. మరగబెట్టడం మాత్రం వద్దే వద్దు: నీళ్లు ఆవిరై పోతాయి, ఆర్సెనిక్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఆర్సెనైట్‌లో కొంత ఆర్సెనేట్‌గా మారుతుంది, ఆ ఆర్సెనేట్ తాజా తుప్పుకి గట్టిగా అంటుకుంటుంది. 2000ల మొదట్లో నేపాల్ దక్షిణ మైదానమైన తెరాయి కోసం ఎన్ఫో సంస్థ, అమెరికాలోని ఎంఐటీ వాళ్లు కలిసి చేసిన కంచన్ ఫిల్టర్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఇంట్లో కట్టుకోగలిగిందీ అదే.

కావలసింది 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. అడుగున ఐదు సెంటీమీటర్లు బఠాణీ గింజంత కంకర, దాని మీద ఐదు సెంటీమీటర్లు సన్న కంకర, ఆపైన కిటికీ దోమతెర జాలీలోంచి దిగే సన్న ఇసుక, వీలైతే 30 సెంటీమీటర్లు. ఇసుక కడగడంలో బద్ధకిస్తే నెలంతా మడ్డి నీళ్లే. గాజు సీసాలో కాస్త ఇసుక, నీళ్లు వేసి గిరగిరా తిప్పి వదలండి. నాలుగైదు సెకన్లకు ఇసుక పైభాగం కనబడితే చాలు. కనబడకపోతే ఇంకో రెండు సార్లు కడగండి. డ్రమ్ములో ముందు నీళ్లు ఉంచి, ఇసుక అందులోకి జారవిడవాలి. పొడి ఇసుక మీద నీళ్లు పోస్తే గాలి బుడగలు ఇరుక్కుని ధార నడవదు.

అసలు కిటుకు పైపు ఎత్తులో ఉంది. అడుగు కంకరలోంచి బయలుదేరిన పైపు డ్రమ్ము బయట పైకి వచ్చి, ఇసుక మట్టానికి ఐదు సెంటీమీటర్ల ఎత్తున వంగి కిందికి తిరగాలి. అప్పుడు పోయడం ఆపినా ఇసుక మీద ఐదు సెంటీమీటర్ల నీరు ఎప్పుడూ నిలబడుతుంది. పైపు చివర కుళాయి బిగించొద్దు. కుళాయి కడితే నీళ్లు పైకెక్కి మేకులు మునిగిపోతాయి.

మేకులు ఐదు కిలోలు, రెండు సెంటీమీటర్ల లోపు పొడవువి. డ్రమ్ము పైన అడుగున చిల్లులున్న బేసిన్ కూర్చోబెట్టి, అందులో సమంగా పరచాలి. ఆ బేసిన్ నిలవ నీటికి పైనుండాలి. మేకులు తడిసి, ఆరి, మళ్లీ తడిస్తేనే కొత్త తుప్పు పుడుతుంది. కొట్లో తెల్లగా మెరిసేవి ఇస్తే తీసుకోవద్దు, అది జింకు పూత, తుప్పు పట్టదు. నల్ల మేకులకు నూనె ఉంటుంది కాబట్టి సబ్బు పొడితో కడగాలి. మేకుల మీద ఇటుక ముక్కలు పరచడం మర్చిపోతే బిందె ధారకి మేకులన్నీ పక్కలకు జరిగి మధ్యలో గుంట పడుతుంది. ఇక నీళ్లు మేకుల్ని తాకకుండా ఆ గుంటలోంచే దిగిపోతాయి. నెలకోసారి చేత్తో కదిలించండి, లేకపోతే గడ్డ కడతాయి. మొదటి రెండు వారాల నీళ్లు తాగొద్దు, తుప్పు బాగా పట్టనివ్వండి. రెండు మూడేళ్లకు మేకులు మార్చాలి.

ధార గంటకు 15 నుంచి 20 లీటర్లు. తాగడానికి, వంటకి చాలు. అన్నం వండే నీళ్లూ ఇందులోవే కావాలి, స్నానానికి అక్కర్లేదు. ఫిల్టర్ నుంచి ఎర్రనీళ్లు వస్తే ఇసుక ముతకదని అర్థం, ఆ ఎర్ర రేణువుల మీద ఎక్కి ఆర్సెనిక్ కూడా బయటికొస్తుంది. తేటగా వచ్చాయి కదా అని ధీమా పడటానికీ లేదు.

ఇప్పుడు లెక్క. బాగా నడిచే ఫిల్టర్ 85 నుంచి 95 శాతం తీస్తుంది. 120లో 90 శాతం పోయినా 12 మిగులుతాయి, 85 శాతమైతే 18. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండాల్సింది 10 లోపు. పైగా మీ బెంగాల్ డెల్టా నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువ. బస్సు ఎక్కకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపేసినట్టు, తుప్పు మీద ఆర్సెనిక్ కూర్చోవాల్సిన చోటు అది ముందే ఆక్రమిస్తుంది. నీటిలో సహజంగా ఇనుము తక్కువ, ఫాస్ఫేట్ ఎక్కువైన కాంబోడియా బావుల దగ్గర ఇదే ఫిల్టర్ సరిగ్గా పనిచేయలేదు. అందుకే ల్యాబ్‌లో ఇనుము, ఫాస్ఫేట్ కూడా చూపించుకున్నాకే మేకులు కొనండి. చుట్టుపక్కల 10 లోపున్న పంపు దొరికితే బిందెతో మోసుకురావడమే నయం.

శాంపిల్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. పంపు ఐదు నిమిషాలు కొట్టి, ల్యాబ్ ఇచ్చే నైట్రిక్ ఆమ్లం వేసిన సీసాలోనే పట్టండి. మామూలు సీసాలో రెండ్రోజులుంటే ఇనుము తుప్పై సీసా గోడలకు అంటుకుంటుంది, దాంతో ఆర్సెనిక్ కూడా దిగిపోతుంది. నిజంగా లేని తగ్గుదల రిపోర్టులో కనిపిస్తుంది. పోసే నీళ్లు, వచ్చే నీళ్లు ఒకే రోజు పట్టండి: మొదటి నెల చివర ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి.

ధార సన్నబడితే ఇసుక తవ్వొద్దు. పైన నిలిచిన నీళ్లని వేలితో కలిపి, ఎర్రమడ్డిని గిన్నెతో తోడేయండి. ఆ మడ్డి చెరువులో, పెరట్లో, పేడగుంటలో పోయకూడదు. గాలి లేని, కుళ్లే చోట ఇనుము కరిగి ఆర్సెనిక్‌ని వదిలేస్తుంది. బెంగాల్ నేల కింద నీళ్లు చెడిందీ అలాగే. ఎండబెట్టి సిమెంటులో కలిపి దిమ్మ పోసి పెట్టండి.