పేరు రాకముందు రోజుల్ని తీసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు తొలినాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తానని నువ్వు రాసింది చదివి ఎంతో సంతోషపడ్డాను. మన ఉత్తరాంధ్ర పాట గురించి మన పిల్లలే తీయాలి. కానీ మొదటి వారమే కెమెరా పట్టుకుని పార్వతీపురం రైలెక్కుతానన్నావు. అది మాత్రం మానుకో. మొదటి నెలంతా కెమెరా సంచిలోనే ఉండనీ.

ఎందుకో చెప్తాను. పేరొచ్చాక తీసిన ఫొటోలు, వీడియోలు, ఇంటర్వ్యూలు బోలెడు దొరుకుతాయి. పేరు రాకముందువి దొరకవు. దొరకనిచోట దొరికినదాన్ని అతికించెయ్యాలని ఎడిటింగ్ బల్ల దగ్గర చెయ్యి లాగేస్తుంది. పాతికేళ్ల కుర్రాడి గురించి మాట వినిపిస్తుంటే తెర మీద అరవై దాటిన మనిషి గజ్జె కట్టి ఆడుతుంటాడు. చూసేవాళ్లు ఏమీ అనరు, కానీ ఆ కుర్రాడు వాళ్లకి ఎప్పటికీ కనబడడు. నీ సినిమా ఆ కుర్రాడి గురించి. కాబట్టి ఏ ఏడు ఏది జరిగిందో ముందు తేలాలి.

గోడకి ఒక పెద్ద కాగితం అంటించి, 1943 నుంచి 1980 దాకా ఏడాదికో గీత గియ్యి. ప్రతి సంగతి పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో రాయి: అప్పటి కాగితమా, అప్పటి ఫొటోనా, ఇప్పటి జ్ఞాపకమా. మూడింటికీ మూడు రంగుల సిరా వాడు. జ్ఞాపకం రంగు ఒక్కటే ఉన్న ఏడాది గురించి వ్యాఖ్యానంలో గట్టిగా చెప్పకు, ఆ మాట చెప్పిన మనిషి నోటే వినిపించు.

ఈ కాగితం మీద మొదట తడబడేది ఊరి చిరునామా దగ్గరే. ఆయన పుట్టింది పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో, 1943లో. అప్పటికి అది విశాఖపట్నం జిల్లా, మద్రాసు రాష్ట్రం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చాక ఇటు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మూడుసార్లు మారింది. నువ్వు 1970ల పత్రికల్లో విజయనగరం వార్తలు వెతుకుతూ కూర్చుంటే ఏమీ దొరకదు, శ్రీకాకుళం జిల్లా వార్తల్లో వెతకాలి. తెర మీద ఊరి పేరు వేసేటప్పుడు కూడా ఆ ఏడాదికి ఏ జిల్లా అయితే ఆ జిల్లా పేరే వెయ్యి.

రెండో తడబాటు జననాట్యమండలి అనే విప్లవ పాటల బృందం దగ్గర. గద్దరుతో కలిసి ఆయన దాన్ని కట్టింది 1972లో అని అందరూ రాస్తారు. వెంటనే ‘పీపుల్స్‌వార్ సాంస్కృతిక విభాగం’ అని తగిలిస్తారు. పీపుల్స్‌వార్ అనే నక్సలైటు పార్టీ ఏర్పడింది 1980 ఏప్రిల్‌లో. 1972 ఘట్టంలో ఆ పేరు వాడితే ఎనిమిదేళ్ల తర్వాతి మాటని వెనక్కి తోసినట్టు. ఇలాంటివి మూడు దొర్లితే, తెలిసినవాళ్లు సినిమాని పక్కన పెట్టేస్తారు. అలాగే ఆయన కంటే ముందే సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథని శ్రీకాకుళం రైతాంగ ఉద్యమానికి వాడి, 1969 డిసెంబరులో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పకుండా వంగపండు పాటని శూన్యంలోంచి పుట్టినట్టు చూపించకు.

పత్రికలకి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, యూనివర్సిటీలో వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం, రెండుచోట్లా బైండు చేసిన సంచికలు ఏయే ఏళ్లవి ఉన్నాయో ముందు కనుక్కుని వెళ్లు. ఈనాడు మన విశాఖలోనే 1974 ఆగస్టు 10న మొదలైంది, అంతకు ముందరి వాటికి విజయవాడ పత్రికలే గతి. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీ. ఆ ఇరవై ఒక్క నెలల్లో పత్రికలో వార్త లేదంటే కార్యక్రమం జరగలేదని కాదు, సెన్సారు ఉంది. ఫోనుతో ఫొటో తీస్తే ముందు పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు కనబడేలా ఒకటి, తర్వాత వార్త ఒకటి తియ్యి. ఉత్త వార్త ముక్క తీసుకొస్తే రెండు నెలల తర్వాత అది ఏ రోజుదో నీకే తెలీదు. ఫ్లాష్ వద్దు, కాగితం మెరుస్తుంది. కిటికీ పక్క వెలుతురు చాలు.

ఇక క్యాసెట్లు. నీ సినిమాకి ప్రాణం ఇవే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. పాత సభల క్యాసెట్లు ఎవరింట్లోనో ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఇచ్చిన రోజే టేపురికార్డరులో పెట్టి వినాలనిపిస్తుంది. ఆగు. మన సముద్రపు గాలికి బూజు పట్టని క్యాసెట్ అరుదు. క్యాసెట్ కిటికీలోంచి లోపలి చుట్ట మీద తెల్లగా పొడిలా కనబడితే అది బూజు. ప్లే చేస్తే టేపుని చదివే హెడ్‌కి అంటి, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి విడిగా ఒక డబ్బాలో పెట్టి, మాస్కు కట్టుకుని, పని తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించు.

బాగున్నవాటికి మొదటి పని: వెనక అంచున ఉండే రెండు చిన్న పలకలు విరిచెయ్యడం. అవి ఉంటే పొరపాటున రికార్డు బొత్తం పడినప్పుడు పాట చెరిగిపోతుంది. తర్వాత మధ్యలో టేపు వెనక ఉండే చిన్న ఫెల్టు ముక్క చూడు. దానికి జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్‌కి ఆనదు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. టేపు పాడైందనుకుని చాలామంది పారేస్తారు. మంచి స్క్రూలున్న కొత్త క్యాసెట్ కొని, దాని డొక్కలోకి పాత చుట్టలు మార్చేస్తే గొంతు తిరిగొస్తుంది. తర్వాత ప్లే చెయ్యకుండా ఒకసారి చివరిదాకా ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పు. ఏళ్ల తరబడి కదలని చుట్ట బిగుసుకుని ఉంటుంది, ఆ బిగువు సడలకపోతే పాట మధ్యలో శృతి ఊగుతుంది.

ప్రతి క్యాసెట్‌కీ ముందు హెడ్‌ని, రబ్బరు చక్రాన్ని దూదితో తుడవాలి. హెడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, రబ్బరుకి మాత్రం తడి గుడ్డ. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది తిప్పితే మారే హెడ్ వాలుని అజిమత్ అంటారు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ వాలున ఉందో నీ యంత్రంలోనూ ఆ వాలునే ఉండాలి. శబ్దాన్ని మోనోలో పెట్టి, సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ గజ్జెల మోత, ‘స’కారం ఎక్కడ బాగా తేటపడితే అక్కడ ఆపు. ఈ ఒక్క పని చేస్తే ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలుగా కంప్యూటరులోకి ఎక్కించు. అరవై నిమిషాల క్యాసెట్ స్టీరియోలో రెండు జీబీ పైచిలుకు అవుతుంది. ఎంపీత్రీగా మాత్రం ఎక్కించకు. గరగర తగ్గించే పని విడి కాపీ మీద చెయ్యి. ఎక్కువ తగ్గిస్తే జనం చప్పట్లు నీళ్లలో కొట్టినట్టు అవుతాయి.

పెట్టె మీద ‘1974’ అని రాసి ఉంటే నమ్మెయ్యకు. అది పాట కట్టిన ఏడా, పాడిన ఏడా, ఇంకో క్యాసెట్ నుంచి కాపీ తీసిన ఏడా? పాట మొదట్లో, చివర్లో మాటలు విను. సభలో ఎవరి పేరైనా, ఏదైనా సంఘటనైనా వినబడుతుంది. అక్కడే తేదీ దొరుకుతుంది. పెట్టె రెండు వైపులా, క్యాసెట్ రెండు వైపులా ఫొటో తీసి, ఆ ఫైలుతోపాటే దాచు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘ఏ సంవత్సరం?’ అని అడగకు. ఇబ్బందిపడి ఏదో ఒక అంకె చెప్తారు, ఆ అంకె నీ సినిమాలోకి ఎక్కి కూర్చుంటుంది. గురుతుండే సంగతులు పెట్టి అడుగు: ఉక్కు ఉద్యమంలో విశాఖలో కాల్పులకి (1966 నవంబరు 1) ముందా వెనకా? లేవిడిలో గిరిజన రైతులు కోరన్న, మంగన్న భూస్వాముల కాల్పుల్లో చనిపోయిన నాటికి (1967 అక్టోబరు 31) ఆయన పాడుతున్నాడా? జై ఆంధ్ర గొడవలప్పుడా? ఎమర్జెన్సీకి ముందా? ఇలా అడిగితే రెండు మూడేళ్ల లోపుకి ఏడాది తేలిపోతుంది. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్లి కూర్చో, రెండోసారి పాత ఫొటోలు పట్టుకెళ్లు, మూడోసారి కెమెరా. గంటన్నర దాటించకు. చివర్లో ‘అమ్మా, ఆ రోజుల్లో పాడినట్టే ఒక్క చరణం అనండి’ అని అడుగు. గొంతు వణికినా సరే, అది వాడుకో.

ఇంకొకటి జాగ్రత్తగా విను. ఆ రోజుల్లో అజ్ఞాతంలో ఉన్నవాళ్లు, కేసులు మోసినవాళ్లు ఉంటారు. ఒకాయన ఇంకొకరి పేరు చెప్తే, ఆ రెండో మనిషిని గానీ వాళ్ల కుటుంబాన్ని గానీ అడగకుండా సినిమాలో ఉంచకు. అనుమతి పత్రం తెలుగులో రాయించు. సినిమా పండగల్లో చూపిస్తావా, ఇంటర్నెట్‌లో పెడతావా, ఎడిటింగ్ అయ్యేలోపు మాట వెనక్కి తీసుకోవచ్చా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. సంతకానికి ముందు పైకి చదివి వినిపించు.

శబ్దం సంగతికొస్తే, వాయిద్యాల పేర్లు కలపకు. డప్పు వేరు, తప్పెటగుళ్లు వేరు, జముకు వేరు. డప్పు వాయించేవాళ్లని గడ్డిమంట పక్కనే ఉంచు. బీచ్‌రోడ్డు గాలికి తోలు కాసేపటికే చల్లబడి జారిపోతుంది, మోత కిందికి దిగుతుంది. ఉదయం తీసిన షాటూ కాచిన వెంటనే తీసిన షాటూ ఎడిటింగ్‌లో అతకవు. డప్పు కొట్టే రెండు పుల్లలు, సిర్ర, సిటికెన పుల్ల, వాటి రెండు దెబ్బలూ విడివిడిగా వినపడాలంటే మైకు రెండు మీటర్ల దూరంలో, పక్కవాటుగా ఉండాలి. రికార్డరులో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ పది డెసిబెల్స్ దాటనివ్వకు. తప్పెటగుళ్లలో వాయిద్యం గుండెకే కట్టుకుంటారు కనుక కాలరు మైకు పెట్టావంటే ప్రతి దెబ్బా దాని మీదే పడుతుంది. పైనుంచి కర్రకు కట్టిన మైకే మేలు. జముకులో అడుగు తోలు నుంచి లాగిన తంతిని మీటితే వచ్చే ఆ ‘దుమ్ము’మనే మోతే దాని అందం. ఇంటర్వ్యూకి వాడే, లోతు మోతల్ని కోసేసే లో-కట్ మీట అలాగే ఉండిపోతే ఆ అందమంతా పోతుంది. ఫోను స్పీకరులో విని సరిగ్గా రాలేదనుకోకు, హెడ్‌ఫోన్సు పెట్టుకో. సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు పెట్టు. లేకపోతే ట్యూబులైటు కింద బొమ్మ రెపరెపలాడుతుంది.

మాటల విషయంలో నా పట్టుదల ఒకటుంది. ఎవరైనా ‘ఆ గుంటడు బుగత కంబారికి పుట్టినోడు కాడు, ఎల్లమని ఎవులు సెప్తార్రా’ అంటే, కింద అక్షరాల్లో ‘వెళ్లమని ఎవరు చెబుతారు’ అని దిద్దకు. వంగపండు పాట నిలబడిందే ఈ మాట మీద. తెలంగాణ, రాయలసీమ వాళ్లకి బుగత అంటే భూస్వామి అని, కంబారి అంటే పాలేరని తెలియకపోతే, ఆ రెండు మాటలకే అర్థం వెయ్యి.

హక్కుల గురించి క్లుప్తంగా. పాటకి మూడు హక్కులుంటాయి: రాసినదానికి, బాణీకి, రికార్డుకి. జానపద బాణీ అందరిదీ కావచ్చు. రాసిన మాటలకి మాత్రం కవి పోయిన మరుసటి ఏడాది మొదలు అరవయ్యేళ్లు హక్కుంటుంది. వంగపండు 2020 ఆగస్టు 4న పోయారు కాబట్టి 2080 చివరిదాకా. వారసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకో. సినిమాలకెక్కిన పాటలకైతే ఆడియో కంపెనీ ఉంటుంది, వాటి జోలికి పోకపోవడమే మంచిది. పైగా అవి వాద్యబృందంతో చేసినవి, 1970ల ఊరి సభ మీద వేస్తే అబద్ధమవుతుంది. అనుమతి వచ్చేదాకా ఆ పాటని ఎడిటింగ్‌లోకి తేకు. ఒకసారి చెవికి అలవాటైతే తీసెయ్యడం చాలా కష్టం.

నాటకీకరణ చేస్తే ఆ షాటు మొదట్లోనే తెర మీద ‘పునఃచిత్రణ’ అని వెయ్యి. ఫొటో లేని ఏడాదికి వెల్లకట్టని గోడ చూపించినా, బొబ్బిలి దాటాక రైలు కిటికీలోంచి కొండలు చూపించినా, తెర నల్లగా ఉంచి గొంతు ఒక్కటే వినిపించినా తప్పు లేదు.

సైజు లెక్క కూడా వేసుకో. వంద మెగాబిట్ల వీడియో గంటకి 45 జీబీ. పదిహేను గంటలకి దాదాపు 700. మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి ఇంకో ఇంట్లో. తుపాను కాలంలో మూడూ ఒకే గదిలో ఉంటే ఒక్కటి ఉన్నట్టే.

క్యాసెట్లు తీసుకున్న ఇంటికి తీసుకున్న తేదీ, ఎన్ని, తిరిగిచ్చే తేదీ రాసి చీటీ ఇచ్చి రా. ఆ తేదీకి ఒక రోజు ముందే పార్వతీపురం వెళ్లు. క్యాసెట్లతోపాటు ఎక్కించిన పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టివ్వు. వాళ్ల ఇంట్లో టేపురికార్డరు ఎప్పుడో పోయి ఉంటుంది. నీ ఫోనుకి చిన్న స్పీకరు తగిలించి, అక్కడే కూర్చుని వాళ్లకి వినిపించి రా.

నీ పెదనాన్న